అయ్యగారి మాటకు విలువ ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోయింది

అమ్మా, శ్రీకాళహస్తి దగ్గరి పల్లెలో మీ అవ్వ బతికున్న రోజుల్లో పాస్టరయ్యగారు తగవు తీరిస్తే క్రైస్తవులు కానివాళ్ళు కూడా ఆ తీర్పుకు కట్టుబడేవారని, ఇప్పుడు తిరుపతిలో మీ ఇంటి పిల్లలే ఆదివారపు ప్రసంగాన్ని లెక్కచేయడం లేదని రాశారు. ఇది లోకమంతటా వస్తున్న మార్పేనా, లేక మన సంఘాలు చేతులారా చేసుకున్నదా అని అడిగారు. నేను చిత్తూరులో పుట్టి పెరిగినవాణ్ణి. ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై నాలుగేళ్ళు సాంఘికశాస్త్రం బోధించాను. పదహారేళ్ళు ఒక పాస్టరేట్ కమిటీలో ఉన్నాను, అందులో ఆరేళ్ళు ట్రెజరరుగా లెక్కలు చూశాను. కాబట్టి చదివి తెలుసుకున్నదానితో పాటు లోపల ఉండి చూసినదీ, నేను కూడా భాగస్వామినైనదీ కలిపి జవాబు చెబుతాను.

ముందు పడమటి దేశాల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 జనాభా లెక్కల్లో 59.3 శాతం మంది క్రైస్తవులమని రాయించుకోగా, 2021లో ఆ సంఖ్య 46.2 శాతానికి దిగింది. అమెరికాలో ఏదో ఒక మందిరంలో సభ్యత్వం ఉన్నవారు 1999లో 70 శాతం ఉండగా 2020 నాటికి 47 శాతమే మిగిలారని గాలప్ సంస్థ సర్వే చెప్పింది. కతోలిక దేశంగా పేరున్న ఐర్లండ్‌లో బిషప్పులు వద్దన్నా 2018లో 66 శాతం మంది గర్భస్రావ నిషేధాన్ని ఎత్తివేయాలని ఓటేశారు. చదువు, సంపద, పట్టణ జీవితం, ముసలితనంలో ఆదుకునే ప్రభుత్వం, ఇవన్నీ అక్కడ కారణాలే. కానీ అక్కడి విశ్వాసుల మనసు విరిచినది వేరు. పిల్లలపై చర్చి గురువులు చేసిన లైంగిక నేరాలను పై అధికారులు దశాబ్దాల పాటు దాచిపెట్టారని 2002లో బోస్టన్‌లో బయటపడింది, 2009లో ఐర్లండ్ విచారణ సంఘం చెప్పింది, 2021లో ఫ్రాన్స్ స్వతంత్ర సంఘం కూడా చెప్పింది. 1950 తరువాత గురువుల చేతిలో బలైన పిల్లలు దాదాపు 2,16,000 మంది ఉంటారని ఆ ఫ్రాన్స్ సంఘం అంచనా. 2024 నవంబరులో ఇంగ్లండ్ చర్చికి పెద్ద గురువైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు రాజీనామా ప్రకటించినది కూడా ఇలాంటి నేరం విషయంలో తగినంత చేయలేదన్న విమర్శ మీదనే. నేరం చేసినవాళ్ళు కొందరైతే, దాన్ని కప్పిపెట్టినది వ్యవస్థ. జనం క్షమించలేకపోయినది రెండోదాన్ని.

మన కథకు మొదలు వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారం క్రైస్తవులు 1.34 శాతం మాత్రమే. కాగితం మీద కనబడని మరికొందరి సంగతి తరువాత చెబుతాను. ఇక్కడ చర్చి ఏనాడూ రాజ్యాధికారంతో ముడిపడిన పెద్ద మతం కాదు. తిరుమల కొండ కింద బతికే మన ఊళ్ళలో పాస్టరు మాట వినకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. పైగా మన మందిరాలు ఖాళీ కాలేదు. నా చిన్నతనంతో పోలిస్తే తిరుపతి శివార్లలో ప్రార్థన మందిరాలు ఎన్నో రెట్లు పెరిగాయి, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలకు కుర్చీలు చాలడం లేదు. అందుచేత ఇంగ్లండుకు చెప్పే కారణాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకదు. జనం వస్తున్నారు, పాడుతున్నారు, కానుక వేస్తున్నారు. అయితే ఎలా బతకాలన్న విషయంలో మాత్రం సంఘాన్ని అడగడం మానేశారు.

కాబట్టి ఆ విలువ అసలు ఎలా వచ్చిందో ముందు చూడాలి. స్కడర్ సోదరులు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు వచ్చింది. మీ అవ్వగారి శ్రీకాళహస్తి వైపూ తిరుపతి వైపూ జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1865లో పని మొదలుపెట్టి విస్తరించింది. మదనపల్లెలో జేకబ్ చాంబర్లిన్ దొరగారు మందుల పెట్టెతో ఎద్దులబండి మీద పల్లెలు తిరిగి, 1908లో అక్కడే కన్నుమూశారు. 1912లో పలు మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని స్థాపించాయి. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ డాక్టరు దాన్ని నడిపించారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. ఉన్నదల్లా మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, పక్కన ఉండి చూసుకునే మనిషి. కన్నవాళ్ళే విడిగా చాప వేసి దూరం నుంచి అన్నం తోసే రోగిని ఒక నర్సమ్మ చేతులతో పట్టుకుని లేవదీయడం ఆ చుట్టుపక్కల జనం కళ్ళారా చూశారు. భారతదేశంలో బీసీజీ టీకాల కార్యక్రమం 1948లో మదనపల్లెలోనే మొదలుకావడానికి ఆ పునాదే కారణం.

ఒంగోలు ప్రాంతపు సంగతి ఒకటి నేను ప్రతి ఏడూ తరగతిలో చెప్పేవాణ్ణి. 1876 నుంచి 1878 వరకూ కాటకం వచ్చినప్పుడు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం పనిని తాను ఒప్పుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు ధర్మం పెట్టకుండా కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి జనం వస్తే ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా ఆపాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలామంది ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు ఆయన వద్దన్న నెలలే ముఖ్యంగా కనిపిస్తాయి. చేతికి అందుతున్న లాభాన్ని వద్దనుకున్నవాడి మాట కాబట్టే జనం ఆ మాటను నమ్మారు.

పల్లెల్లో ఈ విలువను నిజంగా మోసినవాడు దొర కాదు, ఉపదేశి. దళితవాడలో అక్షరం వచ్చిన మనిషి చాలాచోట్ల అతనొక్కడే. పగలు బడి, రాత్రి ప్రార్థన, మధ్యలో ఊరివాళ్ళ ఉత్తరాలు, అర్జీలు అన్నీ అతని పనే. ప్రోనోటు మీద వేలిముద్ర వేసే ముందు అందులో యాభై రాసి ఉందో అయిదు వందలు రాసి ఉందో చదివి చెప్పేవాడు అతడే. అతని జీతం ఎంతో వాడలో అందరికీ తెలుసు, ఎందుకంటే అందులో కొంత వాళ్ళు ప్రతి పూటా వంటకు ముందు కుండలో తీసిపెట్టిన పిడికెడు బియ్యమే. మీ అవ్వ మాటల్లో వినిపించే గౌరవం ఆ మనిషి మీదిది. ఈ పనులన్నీ తరువాత ప్రభుత్వ బడి, బ్యాంకు, పంచాయతీ, న్యాయ సహాయ కేంద్రం తీసుకున్నాయి. నేనే ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి కాబట్టి, ఉపదేశి పనిని తీసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ మేరకు చర్చి ప్రభావం తగ్గిందంటే నాకు విచారం లేదు. పేదవాడు తన ప్రోనోటు తానే చదువుకోగలగడం కంటే మంచి ఏముంది? విచారమంతా, సేవ చేతులు మారిన తరువాత కూడా దానికి దక్కిన మర్యాదను మనం హక్కుగా అడుగుతూ ఉండటం దగ్గరే మొదలవుతుంది.

ఇక కాగితం మీద కనబడనివాళ్ళ సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకు మాత్రమే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవుడైన దళితుడికి ఆ గుర్తింపు లేదు. మన రాష్ట్రంలో అతడు బీసీ-సీ కిందికి వస్తాడు, దానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం. బాప్తిస్మం పొందినంత మాత్రాన ఊళ్ళో అతని గ్లాసు మారలేదు, ఇల్లు వాడలోంచి కదల్లేదు. అందువల్ల ఈ చట్టం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఈ విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన సంఘాన్ని వేసింది. 2024లో సుప్రీంకోర్టు, 2025లో మన హైకోర్టు ఇచ్చిన తీర్పులతో ఈ విషయం అందరి నోళ్ళలోనూ నలిగింది.

అయితే మనం మాట్లాడుతున్నది నైతిక ప్రభావం గురించి. జూన్ నెలలో అడ్మిషన్ రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడు తండ్రులు గొంతు తగ్గించి, హిందూ అనే రాయండి సార్ అని అడిగేవారు. నేను రాసేవాణ్ణి. ఆ పిల్లవాడే ఆదివారం సండే స్కూల్లో అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను నా ముందే వల్లెవేసేవాడు. వాడికి బడిలో ఒక పేరు, గుడిలో ఇంకొక పేరు. ఆ తండ్రిని నేను తప్పుపట్టను, బిడ్డ హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి. నేను తప్పుపట్టేది మా పెద్దలను, నన్ను. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, యాభై ఏళ్ళలో ఒక్క ఆదివారమైనా పీఠం మీద నుంచి దీన్ని నోరారా మాట్లాడలేదు. ఇది బలవంతపు పరిస్థితి, దీన్ని మార్చడానికి కలిసి పోరాడదాం, అందాకా మీ మనస్సాక్షికి ఇలా సమాధానం చెప్పుకోండి అని ఎవరూ ఆ కుటుంబాలకు అండగా నిలబడలేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాం. అలా ఊరుకున్నవాళ్ళం ఆ తరువాత సత్యం గురించి ఎంత గట్టిగా ప్రసంగించినా, రెండు పేర్లతో పెరిగిన పిల్లవాడి చెవికి అది ఎలా వినిపిస్తుందో మీరే ఊహించండి.

కులం విషయంలోనూ ఇంతే. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర అందరం ఒకే పాత్రలోది తాగుతాం. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు ఎవరికి వారే. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపమంటాం. పదహారేళ్ళలో ఆ ప్రకటనలు కొన్ని వందలు విన్నాను. కట్నం ఇచ్చారా, పుచ్చుకున్నారా అని ఒక్కసారైనా ఎవరూ అడగలేదు. 1961 నుంచి అది చట్టం ముందు నేరం. అదే సంఘం, ఇంట్లోంచి వెళ్ళి పెళ్ళి చేసుకున్న పేదింటి పిల్లను మాత్రం బల్ల నుంచి ఆపింది. క్రమశిక్షణ ఎప్పుడూ అడగలేనివాళ్ళ మీదే పడుతుందని కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ముందుగా కనిపెట్టారు. వాళ్ళు నోరెత్తలేదు, అంతే.

ఇక నేను చెప్పడానికి సిగ్గుపడే సంగతి. ఊరి పేరు, సంఘం పేరు చెప్పను. నేను ట్రెజరరుగా ఉండగా మందిర నిర్మాణ నిధికి వచ్చిన డబ్బుకూ, సిమెంటు, ఇనుము బిల్లులకూ పొంతన కుదరలేదు. నాకు తెలిసింది. సంఘం పరువు పోతుందని, బయటివాళ్ళు నవ్వుతారని రెండేళ్ళు నోరు మూసుకున్నాను. అప్పుడే బీకాం పూర్తిచేసిన ఒక కుర్రవాడు వార్షిక సమావేశంలో లేచి లెక్కలు చదివి వినిపించమని మర్యాదగా అడిగాడు. అభిషిక్తుల మీద నోరెత్తకూడదని ఒక పెద్దమనిషి అతణ్ణి గద్దించి కూర్చోబెట్టాడు. నేను అదే వరుసలో ఉన్నాను, నా సంచిలో ఆ బిల్లుల నకళ్ళు కూడా ఉన్నాయి, అయినా లేవలేదు. ఆ అబ్బాయి మళ్ళీ మందిరానికి రాలేదు. ఇప్పుడు రక్తదాతల బృందం ఒకటి నడుపుతున్నాడు, అర్ధరాత్రి ఫోను చేసినా ఆసుపత్రికి మనిషిని పంపుతాడు. ఇంట్లో ప్రార్థన చేసుకుంటాడని వాళ్ళమ్మ చెప్పింది. ఆ వీధిలో ఎవరికి ధర్మసందేహం వచ్చినా ఇప్పుడు అతణ్ణి అడుగుతారు, మమ్మల్ని అడగరు. ఆ రోజు అతను అడిగినది ఒక్క కాగితం.

ఈ అనుభవం వల్లనే, పడమటి దేశాల కుంభకోణాలు మనకు సంబంధం లేనివని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కప్పిపెట్టే అలవాటు మనకూ ఉంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షను చెబుతోంది. తెలపకపోవడం 21వ సెక్షను కింద శిక్షార్హమైన నేరం. సంఘ పెద్దలు కూర్చుని లోపల్లోపల సర్దుబాటు చేసుకునే హక్కు ఎవరికీ లేదు. అలాగే పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి మిషన్ బడీ, ఆసుపత్రీ 2013 చట్టం ప్రకారం మహిళల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ పెట్టాలి. మీ సంఘం నడిపే సంస్థల్లో అది ఉందో లేదో అడిగి చూడండి. ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద కనిపించాలి.

ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇవ్వడం గురించి కూడా మీరు ప్రస్తావించారు. పస్తులుండే పల్లె పాస్టరుకు సాయం అందితే నేను ఎందుకు కాదంటాను? అర్చకులకూ, ఇమాములకూ కూడా ఇస్తున్నారు. కానీ ఎన్నికల ముందు నాయకుల పక్కన వేదికల మీద కూర్చోవడం, మందిరంలో ఓటు ఎవరికో సూచించడం వేరు. క్లౌ వద్దన్న లాభం లాంటిదే ఇదీ. పుచ్చుకున్నాక, ఆ నాయకుడి మనిషి వాడలో భూమి ఆక్రమించుకున్నప్పుడు మాట్లాడటానికి గొంతు మిగలదు. సెల్‌ఫోను సంగతి రెండు మాటల్లో చెబుతాను. 2020లో మందిరాలు మూతపడినప్పుడు జనం యూట్యూబు ప్రసంగాలకు అలవాటుపడ్డారు. అక్కడి గొంతు బాగుంటుంది గానీ, ఆ బోధకుడికి మీ ఇంట్లో ఎవరు తాగుతారో, ఎవరు తిండి మానేశారో తెలియదు. తెలియనివాడు తప్పును ఎత్తి చూపలేడు. బహుశా అందుకే వినడానికి సుఖంగా ఉంటుంది.

ఇవన్నీ చదివి, కాలం మారింది కాబట్టి ఇక ఎవరి మాటా చెల్లదని అనుకోకండి. అది నిజం కాదని చెప్పడానికి నా దగ్గర రుజువు ఉంది. 2013 సెప్టెంబరు 30న రాయలసీమ బిడ్డ ఇ. పుష్పలలిత గారు నంద్యాల డయోసిస్‌కు, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లోనే మొదటి మహిళా బిషప్పుగా అభిషేకం పొందారు. ఆ వార్త విన్న రోజు మా స్త్రీల సమాజంలో ఎన్నడూ నోరు విప్పని ఒక అవ్వ లేచి నిలబడి ప్రార్థన చేసింది. ఇంకొకటి ఇంటి దగ్గరి సంగతి. ఏర్పేడు దారిలో రేకుల షెడ్డులో చిన్న ప్రార్థన మందిరం నడిపే పాస్టరు ఒకాయన ఉన్నారు. 2021లో రెండో విడత కరోనా వచ్చినప్పుడు, పక్కింటి హిందూ కుటుంబంలో పెద్దాయనను ఎవరూ తాకడానికి ముందుకు రాకపోతే, తన చేతులతో ఎత్తి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన ప్రసంగం అంత గొప్పగా ఉండదు, నేను విన్నాను. అయినా ఇప్పుడు ఆ వీధిలో అన్నదమ్ముల ఆస్తి తగవు వస్తే రెండు వైపులవాళ్ళూ ఆయన దగ్గరికే వెళుతున్నారు. ఆయన మందిరంలో నెలనెలా కానుకల లెక్క చాక్‌పీసుతో నల్లబల్ల మీద రాసి ఉంటుంది, ఎవరైనా లోపలికి వచ్చి చూసుకోవచ్చు.

మీ పిల్లల విషయంలో ఏం చేయాలో కూడా అడిగారు. బలవంతాన మందిరంలో కూర్చోబెట్టకండి. సంఘం తప్పులను వాళ్ళ ముందు వెనకేసుకు రాకండి, వాళ్ళకు మీకంటే ఎక్కువే తెలుసు. వీలు చూసుకుని ఒకసారి వాళ్ళను అవ్వ ఊరికి తీసుకువెళ్ళి, అక్కడి మందిరంలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉందేమో అడిగి, ఉంటే అందులో ఆమె పేరు చూపించండి. ఆ పేరు రాసిన ఉపదేశి ఏం తిని, ఎంతమందికి చదువు చెప్పి బతికాడో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉండి ఉంటారు, వాళ్ళ నోటే చెప్పించండి. తిరుపతిలో మీ సంఘం వార్షిక సమావేశానికి కనీసం పదిహేను రోజుల ముందు, ఆడిట్ అయిన లెక్కల ప్రతిని సభ్యులందరికీ ఇవ్వమని కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇచ్చేది లేదంటే కారణం కూడా రాతలోనే ఇమ్మని అడగండి. సమావేశంలో మీరు లేచి మాట్లాడేటప్పుడు పిల్లలను పక్కనే కూర్చోబెట్టుకోండి. మిమ్మల్ని ఎవరైనా గద్దిస్తే, ఆ వరుసలో కూర్చున్న పెద్దల్లో ఎవరు లేచి మీ పక్కన నిలబడతారో వాళ్ళు చూస్తారు.